ప్రొఫైల్ టాలరెన్స్ 0.5, మా పీస్‌లో తేడా 0.23 మాత్రమే, అయినా రిజెక్ట్ చేశారు. ఎందుకు?

మిల్లింగ్ శీను, బాలానగర్
అందరికీ నమస్కారం. మాది బాలానగర్‌లో చిన్న షాపు, రెండు వీఎంసీలు (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషిన్లు), ఒక పాత లేత్. అల్యూమినియం 6061లో కవర్ ప్లేట్లు 40 చేశాం. జర్మనీ వాళ్ల డ్రాయింగ్, మధ్యలో ఇంకో పెద్ద షాపు వాళ్లు మాకు పని ఇచ్చారు. ప్లేటు 140 బై 90, మందం 12, నాలుగు మూలల్లో 15 రేడియస్, అన్నీ మి.మీ.లో. బయటి అంచు చుట్టూ సర్ఫేస్ ప్రొఫైల్ 0.5 ఇచ్చి పక్కన ఏ, బీ, సీ అని మూడు డేటమ్‌లు (కొలతలకి ఆధారంగా పట్టుకునే చోట్లు) రాశారు. ఏ అంటే కింది ముఖం, బీ మధ్యలో ఉన్న 10హెచ్7 బోరు, సీ ఒక చివర ఉన్న స్లాట్. నిన్న సీఎంఎం (ప్రోబ్‌తో తాకి పాయింట్లు కొలిచే మెషిన్) రిపోర్ట్ వచ్చింది, ప్రొఫైల్ 0.56 అని ఎర్ర రంగులో, 40కి 40 వెనక్కి పంపేశారు.

ఆ రిపోర్ట్‌లోనే కింద గరిష్ఠం +0.28, కనిష్ఠం +0.05 అని ఉంది. 0.28లోంచి 0.05 తీసేస్తే 0.23 కదా, అంటే వాళ్లు ఇచ్చిన 0.5లో సగం కూడా నేను వాడలేదు. మరి ఈ 0.56 ఎక్కడి నుంచి వచ్చింది? పంపే ముందు నేను వెర్నియర్ పెట్టి చూశాను, పొడవు 140.33, వెడల్పు 90.33. ప్రొఫైల్ 0.5 ఉంది కదా, పర్లేదు అనుకుని పంపేశా. మెటీరియల్ మాదే, రెండు రోజులుగా నిద్ర లేదు, ఎవరైనా చెప్పండి.

సీఎంఎం లక్ష్మి, పీన్యా
శీను గారూ, ముందు ఆ 0.56 సంగతి చెప్తాను. 0.5 ప్రొఫైల్ అంటే డ్రాయింగ్‌లో ఉన్న అసలు ఆకారానికి బయటికి 0.25, లోపలికి 0.25, ఈ మేరనే జోన్ అంటాం. వేరే గుర్తు ఏమీ లేకపోతే ఎప్పుడూ రెండు పక్కలా సమానమే. మీ పీస్‌లో ఒక పాయింట్ +0.28 దగ్గర ఉంది, అది 0.25 దాటింది, అక్కడే పీస్ ఫెయిల్. ఇక రిపోర్ట్‌లో ఒకే అంకె చూపించాలి కాబట్టి సాఫ్ట్‌వేర్ అన్నిటికంటే దూరంగా ఉన్న పాయింట్ తీసుకుని రెండింతలు చేస్తుంది. 0.28 రెండింతలు 0.56. ఆ పీస్ పాస్ అవ్వాలంటే ఎంత జోన్ కావాలో ఆ అంకె అది. మీ గరిష్ఠం, కనిష్ఠం మధ్య తేడాతో దానికి సంబంధం లేదు.

ఒక్క అంకెతో ఏమీ తేలదు. పాయింట్ల వారీ రిపోర్ట్ అడిగి తెప్పించుకోండి, వాళ్లు కాదనరు. కుడి, ఎడమ, పై, కింద, నాలుగు మూలలు, వేటి దగ్గర ఎంత ఉందో ఇక్కడ పెట్టండి.

ఆటోనగర్ రమణ, విజయవాడ
నాకు ఇది ఎప్పుడూ అర్థం కాదు మేడమ్. ఫ్లాట్‌నెస్ 0.5 ఇస్తే ఎక్కువ ఎత్తు, తక్కువ ఎత్తు మధ్య తేడా 0.5 లోపల ఉంటే చాలు కదా, ఎవరూ రెండింతలు చేయరు. ప్రొఫైల్ కూడా ఫామ్, అంటే ఆకారం చూసేదే, దానికి మాత్రం ఈ లెక్క ఎందుకు? శీను చేసిన ఆకారం బాగానే ఉందిగా.

సీఎంఎం లక్ష్మి, పీన్యా
రమణ గారూ, అందరూ తడబడేది ఇక్కడే. ఫ్లాట్‌నెస్‌కి డేటమ్ ఉండదు, దాని జోన్ పీస్ ఎక్కడ ఉంటే అక్కడికి వెళ్తుంది, ఎటు వాలితే అటు వాలుతుంది. విప్పి వదిలిన గేదె లాంటిది. ఏ, బీ, సీ మూడూ ఇచ్చిన ప్రొఫైల్ అలా కాదు, అది గుంజకి కట్టేసిన గేదె. బీ బోరు కేంద్రం నుంచి కుడి అంచు ఎంత దూరంలో ఉండాలో డ్రాయింగ్‌లో డబ్బాలో పెట్టిన కొలతలు చెప్తాయి. ఆ డబ్బా కొలతలకి ప్లస్సు మైనస్సు ఉండదు. జోన్ అక్కడే నిలబడి ఉంటుంది, మీ అంచే వచ్చి అందులో పడాలి.

అందుకే డేటమ్‌లు ఇచ్చిన ప్రొఫైల్ ఒక్కటే నాలుగు పనులు చేస్తుంది: ఆకారం, సైజు, దిశ, చోటు. శీను గారి ప్లేటు ఆకారం మంచిదే అయి ఉండొచ్చు, మిగతా మూడింటిలో ఏదో తప్పింది. డేటమ్‌లు లేకుండా అదే ప్రొఫైల్ ఇచ్చి ఉంటే కథ వేరు.

మిల్లింగ్ శీను, బాలానగర్
వచ్చింది. పీస్ నంబర్ 7ది పెడుతున్నా, మిగతావి కూడా దాదాపు ఇలాగే ఉన్నాయి. పైనుంచి చూస్తే కుడి అంచు +0.28, +0.28, +0.27. ఎడమ అంచు +0.05, +0.06, +0.05. పై అంచు +0.16, +0.17, +0.16. కింది అంచు +0.17, +0.16, +0.17. మూలల అంకెలు కూడా ఉన్నాయి, ఆ పేజీ రేపు పెడతా, ఫోన్‌లో సరిగ్గా రాలేదు.

చకన్ కుర్రాడు
అన్నా టెన్షన్ పడకు. మా దగ్గర ఇలాంటివి వస్తే సాఫ్ట్‌వేర్‌లో బెస్ట్ ఫిట్ వేస్తాం. పీస్‌ని మోడల్ మీద అటూ ఇటూ జరిపి సరిగ్గా కూర్చోబెడుతుంది, చాలా వరకు పచ్చగా అయిపోతాయి. వాళ్లని బెస్ట్ ఫిట్‌తో మళ్లీ కొలవమని అడుగు.

సీఎంఎం లక్ష్మి, పీన్యా
తమ్ముడూ, వద్దు. ఈ ప్లేటుకి బెస్ట్ ఫిట్ వేస్తే అడ్డంగా 0.115 జరుపుతుంది, నాలుగు పక్కలా +0.165 అవుతుంది, రిపోర్ట్ 0.33 అని పాస్ చూపిస్తుంది. నిజమే. కానీ జరిపింది దేన్ని? బీ బోరుని. అసెంబ్లీలో ఆ బోరులోకి డోవెల్ పిన్ దిగుతుంది, ఆ పిన్ ఎవరి కోసమూ జరగదు. డ్రాయింగ్‌లో ఏ, బీ, సీ రాశాక వాటిని వదిలేసి కొలిస్తే ఆ డ్రాయింగ్‌ని కొలిచినట్టు కాదు. బెస్ట్ ఫిట్ జబ్బు ఎక్కడుందో కనుక్కోవడానికి మంచి సాధనం, నేను రోజూ వాడతాను. పాస్ చేయించడానికి మాత్రం వాడకూడదు. ఇది నేను గట్టిగానే చెప్తున్నా, ఎందుకంటే ఇలా పాస్ చేసి పంపినవి అసెంబ్లీ లైన్‌లో ఇరుక్కుంటే మళ్లీ వెనక్కి వచ్చేది నా టేబుల్ మీదకే.

టూల్‌రూమ్ పెద్దాయన, చర్లపల్లి
శీనూ, ఆ నాలుగు పక్కల అంకెలూ పక్కపక్కన రాసుకో. కుడి 0.28, ఎడమ 0.05. రెండూ కలిపి రెండుతో భాగించు, 0.165. పైనా కిందా కూడా అదే 0.165 చుట్టూ ఉంది. అంటే నీ ప్లేటు చుట్టూ 0.165 మెటీరియల్ ఎక్కువ ఉంది, నాలుగు వైపులా సమానంగా. ఇది ఒక జబ్బు. ఇప్పుడు 0.28లోంచి 0.165 తీసెయ్, 0.115. ఎడమ వైపు 0.05లోంచి 0.165 తీసెయ్, మైనస్ 0.115. అంటే ప్లేటు మొత్తం బోరుకి 0.115 కుడి వైపు జరిగింది. ఇది రెండో జబ్బు. పైకి కిందకి జరగలేదు.

మొదటి దానికి కట్టర్ చూడు. చుట్టూ సమానంగా మెటీరియల్ మిగిలిందంటే నూటికి తొంభై సార్లు కట్టర్ రేడియస్ ఆఫ్‌సెట్ తప్పు. రీగ్రైండ్ చేయించిన (మళ్లీ సాన పట్టించిన) ఎండ్‌మిల్ ఏమైనా పెట్టావా? రెండో దానికి ప్లేటుని పట్టుకునే ఫిక్స్చర్‌లో, బీ బోరులో కూర్చునే పిన్ చూడు.

నా లెక్క సరైనదైతే మూలల పేజీ నువ్వు పెట్టకముందే చెప్తా. కుడి మూలల మధ్యలో 45 డిగ్రీల దగ్గర 0.115లో 0.707 వంతు మాత్రమే కనపడాలి, అంటే 0.081. దానికి 0.165 కలిపితే 0.246. ఎడమ మూలల దగ్గర 0.165లోంచి 0.081 పోతే 0.084. ఇంచుమించు ఇవే రావాలి. రాకపోతే మూడో జబ్బు ఏదో ఉంది, అప్పుడు చూద్దాం.

మిల్లింగ్ శీను, బాలానగర్
పెద్దాయనా, దండం. మూలల పేజీ ఇదిగో. కుడి పై మూల +0.25, కుడి కింద +0.24, ఎడమ పై +0.08, ఎడమ కింద +0.09. మీరు చెప్పినవే వచ్చాయి. అవును, 12 మి.మీ. కార్బైడ్ ఎండ్‌మిల్, రెండోసారి రీగ్రైండ్ చేయించి తెచ్చిందే పెట్టాను. రేపు పొద్దున్నే కట్టర్, పిన్ రెండూ మైక్రోమీటర్‌తో కొలిచి చెప్తాను.

ట్రిమ్ డిజైనర్, పుణె
డిజైన్ వైపు నుంచి నాలుగు మాటలు. నేను హన్మకొండ వాడిని, ఇక్కడ పన్నెండేళ్లుగా ప్లాస్టిక్ పార్టులు, షీట్ మెటల్ గీస్తున్నా. శీను ప్లేటు చాలా వరకు ఏదో హౌసింగ్ గుంటలో కూర్చునే మూతే అయి ఉంటుంది. ఇలాంటి జోడీ గీసేటప్పుడు నేను ఇలా ఆలోచిస్తాను: గుంటకి, మూతకి మధ్య ఖాళీ ఒక్కో పక్క 0.6 అనుకుందాం. మూత అంచు 0.25 బయటికి రావచ్చు, గుంట గోడ 0.25 లోపలికి రావచ్చు, మిగిలేది 0.1. పిన్నుల ఆట, అసెంబ్లీ చేసేవాడి చెయ్యి అన్నీ ఆ 0.1లోనే సర్దుకోవాలి. మూత 0.28 బయటికి వస్తే 0.07 అవుతుంది. ఒక పీస్‌కి ఏమీ కాదు, వేల పీసుల్లో ఎక్కడో ఒకటి పట్టేస్తుంది.

ఇక ఇదే కొలతల్ని పాత పద్ధతిలో 140 ప్లస్ మైనస్ 0.25, 90 ప్లస్ మైనస్ 0.25, ఆర్15 ప్లస్ మైనస్ ఇంత అని గీస్తే ఎంత గందరగోళమో చూడండి. రేడియస్ మొదలయ్యే చోటు ఎక్కడ? ఆ 140 బోరుకి ఎటు ఎంత? ఎవరికి తోచినట్టు వాళ్లు చదువుతారు. ప్రొఫైల్‌తో ఒక డబ్బాలో అంతా తేలిపోతుంది. నాకు మిగతా అన్ని గుర్తుల కంటే ఇది ఎక్కువ ఇష్టం, ఏ ఆకారానికైనా పనికొస్తుంది: వంపు, కోను, ఒకే ఎత్తులో ఉండాల్సిన రెండు వేరు వేరు ముఖాలు కూడా. ఏఎస్‌ఎంఈలో (అమెరికా డ్రాయింగ్ స్టాండర్డ్) కోప్లానారిటీకి వేరే గుర్తు లేదు, రెండు ముఖాలకీ కలిపి ప్రొఫైల్ ఇవ్వడమే దారి. ఏఎస్‌ఎంఈ వై14.5 2018 ఎడిషన్‌లో కాన్సెంట్రిసిటీ, సిమెట్రీ గుర్తులు తీసేశారు. ఆ పనులు కూడా ఇప్పుడు పొజిషన్, రనౌట్, ప్రొఫైల్‌లతోనే చేసుకోవాలి.

కానీ మా వాళ్లు చేసే తప్పు కూడా చెప్తాను. ఆకారం బిగుతుగా కావాలి, చోటు కాస్త వదులుగా ఉన్నా పర్లేదు అన్న చోట కూడా ఒకే ప్రొఫైల్ 0.3 ఏ, బీ, సీ అని కొట్టేస్తారు, ఖర్చు షాపు వాళ్ల మీద పడుతుంది. దానికే కాంపోజిట్ ప్రొఫైల్ ఉంది. ఒకే గుర్తు, పక్కన రెండు అంతస్తులు. పైన 1.0 ఏ, బీ, సీ, కింద 0.3 ఏ. టెయిల్ ల్యాంప్ లెన్స్‌కి నేను ఇలాగే ఇస్తాను. ఉన్న చోటు నుంచి ఒక్కో పక్కకి 0.5 దాకా జరగొచ్చు, కానీ తన ఆకారం తాను 0.3లో నిలబెట్టుకోవాలి, 'ఏ' డేటమ్‌తో పోలిస్తే వాలకూడదు.

బీటెక్ మూడో ఏడు, కాకినాడ
సార్ ఒక డౌట్. కాంపోజిట్‌లో కింది అంతస్తులో ఏ ఉంది కదా, మరి ఏ నుంచి దూరాన్ని కూడా అది పట్టుకోదా? ఇంకోటి, లైన్ ప్రొఫైల్ అని వేరే గుర్తు ఉంది, అది ఎక్కడ వాడతారు? ప్రొఫైల్‌కి ఎంఎంసీ (మెటీరియల్ అన్నిటికంటే ఎక్కువ ఉన్న స్థితి, వలయంలో ఎం గుర్తు) పెట్టొచ్చా? మాకు ఫస్టియర్ డ్రాయింగ్‌లో ప్రొజెక్షన్లకే టైమ్ సరిపోయింది, ఈ గుర్తులన్నీ ఒక్క క్లాసులో చెప్పేశారు.

డెట్రాయిట్ బాబాయ్
మంచి ప్రశ్నలు బాబూ. కాంపోజిట్‌లో కింది అంతస్తులో ఉన్న డేటమ్ దిశని మాత్రమే పట్టుకుంటుంది, దూరాన్ని పట్టుకోదు. ఏఎస్‌ఎంఈలో అది నియమం. దూరం కూడా కావాలంటే ప్రొఫైల్ గుర్తు రెండు సార్లు వేసి రెండు విడి డబ్బాలు పెట్టాలి, అప్పుడు కింది డబ్బా కూడా చోటుని పట్టుకుంటుంది. చూడ్డానికి గుర్తు ఒకసారి ఉందా రెండు సార్లు ఉందా అన్న చిన్న తేడా, పీస్ మీదకి వచ్చేసరికి చాలా పెద్ద తేడా. నేను ఇంటర్వ్యూలలో అడిగే మొదటి ప్రశ్న ఇదే.

లైన్ ప్రొఫైల్ గుర్తు అడుగున గీత లేని వంపు, సర్ఫేస్ ప్రొఫైల్‌ది అడుగున గీత ఉన్న అర్ధ వృత్తం. సర్ఫేస్ అంటే మొత్తం ముఖం ఒకేసారి ఒక పొరలో పడాలి. లైన్ అంటే ఒక్కో కోత విడివిడిగా, పక్క కోతతో పని లేదు. టర్బైన్ బ్లేడు అడ్డకోత, ఎక్స్‌ట్రూజన్ సెక్షన్ లాంటి వాటికి వాడతారు. చాలాసార్లు సర్ఫేస్ ప్రొఫైల్ వదులుగా ఇచ్చి, దాని కింద లైన్ ప్రొఫైల్ బిగుతుగా ఇస్తారు. జోన్‌ని కళ్లకి కట్టుకోవాలంటే ఐఎస్‌ఓ 1101 చెప్పే పద్ధతి బాగుంటుంది: టాలరెన్స్ అంత వ్యాసం ఉన్న గోళీని, దాని కేంద్రం సరైన ఉపరితలం మీదే ఉండేలా నడిపించినట్టు అనుకో, అది తాకే మేర అంతా జోన్. లైన్‌కి గోళీ బదులు చిన్న వృత్తం.

ప్రొఫైల్ విలువకి ఎంఎంసీ పెట్టకూడదు. డేటమ్ బోరు లాంటిదైతే ఆ డేటమ్ అక్షరం పక్కన పెట్టొచ్చు, అప్పుడు బోరు పెద్దదైన కొద్దీ పీస్ మొత్తం కాస్త కదలడానికి వీలు దొరుకుతుంది. శీను డ్రాయింగ్‌లో బీ పక్కన వలయంలో ఎం అక్షరం ఉందా? ఉంటే లెక్క కొద్దిగా మారుతుంది.

ఇంకో విషయం అందరూ రాసిపెట్టుకోండి, నాకు చాలా ఖరీదు పడింది కాబట్టి చెప్తున్నా. జోన్ రెండు పక్కలా సమానంగా వద్దనుకుంటే ఏఎస్‌ఎంఈలో వలయంలో యు అనే గుర్తు వాడతారు, 2009 ఎడిషన్‌లో వచ్చింది. ఐఎస్‌ఓలో యూజెడ్ అని రాస్తారు. రెండింటి పనీ ఒకటే, పక్కన రాసే అంకె అర్థం మాత్రం వేరు. ఏఎస్‌ఎంఈలో ఆ అంకె మెటీరియల్ బయటికి ఎంత పెరగొచ్చో చెప్తుంది. ఐఎస్‌ఓలో జోన్ మధ్య గీత ఎంత జరిగిందో చెప్తుంది. చాలా ఏళ్ల కిందట ఒక చోట ఏఎస్‌ఎంఈ డ్రాయింగ్‌లో 0.6, వలయంలో యు, 0.6 అని ఉంది. అంటే సున్నా నుంచి బయటికి 0.6 వరకు. ఆ అంకెని ఐఎస్‌ఓ అలవాటుతో చదివి నేనే ప్రోగ్రామ్ వాళ్లకి మధ్య గీత 0.6 దగ్గర పెట్టమని చెప్పాను. జోన్ +0.3 నుంచి +0.9 అనుకుని కోశారు. సగం కాస్టింగులు 0.6 దాటిపోయాయి. మా మేనేజర్ ముందు ఆ డబ్బా చూపిస్తూ నిలబడ్డ రోజు ఇప్పటికీ గుర్తుంది.

ఆటోనగర్ రమణ, విజయవాడ
బాబాయ్, నేను అర్థం చేసుకున్నది సరైనదో కాదో చూడండి. ఏఎస్‌ఎంఈలో 0.5, వలయంలో యు, 0.1 అంటే బయటికి 0.1, లోపలికి 0.4. దాన్నే ఐఎస్‌ఓలో రాయాలంటే 0.5 యూజెడ్ ప్లస్ 0.1 అవుతుందా?

డెట్రాయిట్ బాబాయ్
మొదటి సగం కరెక్ట్. రెండోది కాదు రమణా. జోన్ +0.1 నుంచి మైనస్ 0.4 దాకా ఉంది. మధ్య గీత ఎక్కడ? మైనస్ 0.15 దగ్గర. కాబట్టి 0.5 యూజెడ్ మైనస్ 0.15. మైనస్ అంటే మెటీరియల్ లోపలికి. నేను చేసిన తప్పు ఇదే. డ్రాయింగ్ చేతికి రాగానే టైటిల్ బ్లాక్‌లో ఏ స్టాండర్డ్ రాశారో చూడకుండా ఒక్క అంకె కూడా చదవకండి.

టూల్‌రూమ్ పెద్దాయన, చర్లపల్లి
స్టాండర్డ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి కలుపుతా. పాత డ్రాయింగులు చాలా వాటి మీద ఐఎస్‌ఓ 2768 ఎంకే అని ఒక ముద్ర ఉంటుంది. అందులో రెండో భాగం, జామెట్రికల్ టాలరెన్సులు చెప్పేది, 2021లో తీసేశారు, దాని చోట ఐఎస్‌ఓ 22081 వచ్చింది. కొత్త దాంట్లో సాధారణ టాలరెన్స్ అంటే డేటమ్‌లతో కూడిన సర్ఫేస్ ప్రొఫైలే. అంటే ఇక ముందు వచ్చే డ్రాయింగుల్లో ఏమీ రాయని ముఖాలకి కూడా ప్రొఫైలే దిక్కు. మన షాపులకి ఇది నేర్చుకోక తప్పదు. కాకినాడ అబ్బాయీ, బాలానగర్‌లో సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది, 1968 నుంచి టూల్ డిజైన్ నేర్పుతున్నారు. అటు వస్తే ఒకసారి లోపలికి వెళ్లి చూడు, గేజీలు చేత్తో పట్టుకుంటే ఈ గుర్తులు వాటంతట అవే గుర్తుంటాయి.

మిల్లింగ్ శీను, బాలానగర్
కొలిచేశాను. కట్టర్ నిజమైన వ్యాసం 11.67. కంట్రోల్‌లో డి ఆఫ్‌సెట్ ఇంకా 6.000 అనే ఉంది, అసలైతే 5.835 ఉండాలి. తేడా 0.165, పెద్దాయన చెప్పింది మైక్రాన్‌తో సహా. రీగ్రైండ్ అయి వచ్చిన టూల్‌కి డబ్బా మీద కొత్త సైజు రాసే ఉంది, రాత్రి షిఫ్ట్‌లో ఆ డబ్బా పక్కన పడేసి టూల్ మాత్రం హోల్డర్‌లో పెట్టేశారు.

పిన్ సంగతి ఇంకా బాధగా ఉంది. బోరు 10.01 ఉంది, బీ పిన్ 9.78 మాత్రమే ఉంది. పాత ఆర్డర్‌కి చేసిన పిన్ అది, అప్పట్లో దాన్ని బోరు లోకేషన్‌కి వాడలేదు, ఊరికే అడ్డంగా ఆపడానికి పెట్టింది. ఆట 0.23, అంటే ఒక్కో పక్కకి 0.115. సైడ్ క్లాంప్ బిగించినప్పుడల్లా ప్లేటుని ఎడమకి నెడుతుంది, అంచు మాత్రం తన చోటే కోసుకుంటుంది, అందుకే బోరు నుంచి చూస్తే అంచు కుడికి జరిగినట్టు వచ్చింది. 40 పీసుల్లోనూ ఒకేలా ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమైంది, క్లాంప్ ఎప్పుడూ అటే నెడుతుంది కదా.

బాబాయ్, బీ పక్కన ఎం అక్షరం లేదు. డ్రాయింగ్ ఐఎస్‌ఓనే.

ఇప్పుడు ఆ 40 ఏం చేయాలి? పారేయాలా?

టూల్‌రూమ్ పెద్దాయన, చర్లపల్లి
ఎందుకు పారేయాలి? నీ అదృష్టం, అన్ని అంకెలూ ప్లస్సే. ఎక్కడా మెటీరియల్ తక్కువ లేదు, ఎక్కువే ఉంది. కొత్త పిన్ చెయ్, 9.995 ఉంటే చాలు, గట్టి స్టీల్‌తో. రెండో పిన్‌ని స్లాట్‌లో సరిగ్గా కూర్చోబెట్టు. సైడ్ క్లాంప్ తీసెయ్, పై నుంచి బిగించు. డయల్ పెట్టి పిన్ కేంద్రం చూసుకుని, ఆ సున్నా నుంచే ప్రోగ్రామ్ నడుపు. కుడి వైపు 0.28 పోతుంది, పైనా కిందా 0.165 పోతుంది, ఎడమ 0.05 మాత్రమే. ఆ ఎడమ వైపే జాగ్రత్త. 0.05 కోతకి అరిగిన కట్టర్ పెడితే కోయదు, రుద్దుతుంది, మెరుగు పోతుంది. కొత్త ఎండ్‌మిల్ పెట్టు, ఈసారి రీగ్రైండ్ వద్దు.

అనోడైజింగ్ ఉందా? ఉంటే పూతకి ముందు కొలతా, తర్వాత కొలతా అని అడుగు. హార్డ్ అనోడైజింగ్ 50 మైక్రాన్లు అయితే అందులో సుమారు సగం బయటికి పెరుగుతుంది.

సీఎంఎం లక్ష్మి, పీన్యా
ఇంకోటి శీను గారూ. రీవర్క్ అయ్యాక వాళ్లకి చెప్పకుండా కలిపి పంపకండి. రీవర్క్ చేశామని, కారణం ఇదని, రెండు వాక్యాలు రాసి పంపండి. కొలిచేటప్పుడు ఒక్కో అంచు మీద కనీసం అయిదారు పాయింట్లు, మూలల వంపు మీద కూడా తీసుకోమనండి. వంపు మీద ప్రోబ్ ఆ చోట ఉపరితలానికి నిటారుగా తాకాలి, ఎక్స్ దిశలోనో వై దిశలోనో తాకిస్తే బాల్ రేడియస్ సవరణ తప్పుతుంది, లేని తేడా ఉన్నట్టు చూపిస్తుంది. మీ దగ్గర సీఎంఎం లేకపోయినా ఒక పని చేయొచ్చు: ప్లేటుని కొత్త పిన్ మీద కూర్చోబెట్టి సర్ఫేస్ టేబుల్ మీద స్లిప్ గేజీలు, డయల్‌తో బోరు నుంచి నాలుగు అంచుల దూరం చూడండి. వెర్నియర్ రెండు అంచుల మధ్య దూరమే చెప్తుంది, బోరు ఎక్కడుందో దానికి తెలియదు. మీకు 140.33 చూసి ధైర్యం వచ్చింది, అందులో 0.28 ఒక పక్క, 0.05 ఇంకో పక్క అని అది చెప్పలేకపోయింది.

చకన్ కుర్రాడు
లక్ష్మి అక్కా, బెస్ట్ ఫిట్ గురించి మా లీడ్‌తో మాట్లాడాను. ఇకపై డేటమ్ అలైన్‌మెంట్ రిపోర్టే పాస్ ఫెయిల్‌కి, బెస్ట్ ఫిట్ వేరే పేజీలో అని పెట్టుకున్నాం. ఒక ప్రశ్న. సైజు ఎంత పెరిగినా పర్లేదు, ఆకారం మాత్రం చెడకూడదు అంటే దానికి ఏమైనా ఉందా? మా రబ్బర్ పార్టులకి అదే కావాలి.

డెట్రాయిట్ బాబాయ్
ఉంది. 2018 ఏఎస్‌ఎంఈలో డైనమిక్ ప్రొఫైల్ అని కొత్తగా పెట్టారు, టాలరెన్స్ పక్కన చిన్న త్రిభుజం. జోన్ పెరగొచ్చు, తగ్గొచ్చు, వెడల్పు మాత్రం మారదు. కాంపోజిట్‌లో కింది అంతస్తులో పెట్టుకో, పై అంతస్తు సైజుకి హద్దు వేస్తుంది. ఐఎస్‌ఓలో దాదాపు ఇదే పనికి ఓజెడ్ ఉంది. రబ్బర్ అంటే ఇంకో సంగతి, ఫ్రీ స్టేట్‌లో కొలవాలా, బిగించి కొలవాలా అన్నది డ్రాయింగ్ మీద రాయకపోతే ఇద్దరు కొలిస్తే రెండు సమాధానాలు వస్తాయి. అది వేరే థ్రెడ్‌లో అడుగు, పెద్ద విషయం.

మిల్లింగ్ శీను, బాలానగర్
వారం అయింది, అప్‌డేట్. పిన్ 9.995 కొత్తది వేశాం, క్లాంపులు పైకి మార్చాం, కొత్త కట్టర్. ముందు పీస్ నంబర్ 7 ఒక్కటే కోసి పక్క షాపు వాళ్ల సీఎంఎం మీద డబ్బు కట్టి కొలిపించాను. కుడి +0.03, ఎడమ +0.04, పై +0.02, కింద +0.03, అన్నిటికంటే ఎక్కువ ఒక మూల దగ్గర +0.06. రిపోర్ట్‌లో ప్రొఫైల్ 0.12. ఎడమ అంచు మీద మెరుగు కాస్త తగ్గింది, కానీ డ్రాయింగ్ అడిగిన ఆర్ఏ (గరుకుదనం కొలత) 3.2 లోపలే ఉంది. తర్వాత మిగతా 39 కోశాం. అనోడైజింగ్ ఉంది, 10 మైక్రాన్లదే, కొలతలు పూత తర్వాత అని నోట్‌లో ఉంది, నేనే చూడలేదు.

లక్ష్మి గారు చెప్పినట్టు కారణం రాసి, పాత అంకెలు, కొత్త అంకెలు పక్కపక్కన పెట్టి పంపాను. ఈ పొద్దున ఫోన్ వచ్చింది, 40 తీసుకున్నారు. హౌసింగ్ కూడా మీరే చేస్తారా అని అడిగారు. ఆ డ్రాయింగ్ పంపారు, లోపలి గుంటకి ప్రొఫైల్ 0.5, పక్కన యూజెడ్ ప్లస్ 0.1 అని ఉంది. గుంట కాబట్టి ప్లస్ అంటే గుంట చిన్నదవుతుందా పెద్దదవుతుందా?

డెట్రాయిట్ బాబాయ్
ప్లస్ అంటే మెటీరియల్ బయటికి, అంటే ఖాళీ వైపుకి. గుంటలో ఖాళీ లోపల ఉంది కాబట్టి గోడ లోపలికి వస్తుంది, గుంట చిన్నదవుతుంది. గోడ +0.35 నుంచి మైనస్ 0.15 వరకు ఉండొచ్చు. కోయడం మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద గోడ గీసి, మెటీరియల్ వైపు గీతలు కొట్టుకుని ప్లస్ ఎటో బాణం వేసుకో, ఆ కాగితం మెషిన్ మీద అతికించు.

మిల్లింగ్ శీను, బాలానగర్
గీస్తున్నా బాబాయ్. రేపు ఫోటో పెడతా, బాణం సరైన వైపు ఉందో లేదో చూసి చెప్పండి, అప్పుడే కట్టర్ పెడతాను.